ఏమీ జరగనందుకు సన్మానం

నేను కోడిగుడ్డు కూడా తినను. అలాంటిదాన్ని పదిహేనేళ్ళకు పైగా వేటగాళ్ళకు చదువు చెప్పించే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో మా వీధి పిల్లలకు ఈ మాట చెబితే నమ్మరు. "సీరియస్‌లీ ఆంటీ? గన్స్‌తోనా?" అని కళ్ళు ఇంతంత చేసుకుంటారు. వాళ్ళ అమ్మానాన్నలైతే నేనేదో గూఢచారి శాఖలో పనిచేసినట్టు రెండడుగులు వెనక్కి వేస్తారు. నిజానికి నా పని మహా సాదాసీదా. అయినా కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటి వాళ్ళు "మీ సర్వీసులో మరిచిపోలేని రోజేది ఆంటీ?" అని అడిగినప్పుడల్లా నాకు ఒకే ఒక్క రోజు గుర్తుకొస్తుంది. ఆ రోజు సంగతే ఇది.

ముందు ఆ పనేమిటో నాలుగు ముక్కల్లో చెప్పాలి. ఇక్కడ కొత్తగా వేటకు వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక కోర్సు ఉంటుంది. తుపాకి ఎలా పట్టుకోవాలి, ఎటు తిప్పకూడదు, ఎప్పుడు పేల్చకూడదు, అడవిలో తప్పిపోతే ఏం చేయాలి, ఇలాంటివి. పుస్తకం పాఠం కొంత, బయలు ప్రదేశంలో ఒకరోజు అభ్యాసం. ఈ పాఠాలు చెప్పేవాళ్ళెవరూ ఉద్యోగులు కారు. రిటైరైన మెకానిక్కులు, నర్సులు, పశువులు పెంచుకునే రైతులు. తమ శనివారాలు తీసి ఊరి పిల్లలకు ఊరికే ఇచ్చేవాళ్ళు. రాష్ట్ర వన్యప్రాణి శాఖలో కూర్చుని వాళ్ళకు పుస్తకాలు, పేలని డమ్మీ తుపాకులు, నారింజ రంగు చొక్కాలు పంపడం, పరీక్షలు ఏర్పాటు చేయడం, ఏడాదికోసారి వాళ్ళందరికీ కృతజ్ఞతలు చెప్పడం నా పని. ఇందులో అన్నిటికన్నా కష్టమైంది ఆ ఆఖరిదే.

ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినవాళ్ళలో ఒకాయన ఉండేవాడు. అడవుల్లో వేట చట్టాలు అమలు చేసే అధికారిగా తిరిగి తిరిగి, మోకాళ్ళు అరిగాక ఆఫీసు కుర్చీకి వచ్చినవాడు. "నువ్వు వేటాడతావా?" అని అడిగాడు.

"లేదండీ. నేను మాంసం ముట్టను."

పక్కనున్నవాళ్ళు మొహాలు చూసుకున్నారు. ఆయన మాత్రం పెద్దగా నవ్వి, "ఈవిణ్ణి తీసుకుందాం. వేట సీజన్లో సెలవడగని మనిషి ఈ ఆఫీసుకి ఒక్కరైనా కావాలి," అన్నాడు. ఆ తర్వాత ఆయనకి నా పక్క సీటే. నిజంగానే సీజన్ మొదలైన రోజున ఆఫీసులో ఫోన్లెత్తేది నేనొక్కదాన్నే.

కృతజ్ఞతలు చెప్పే పద్ధతి నేను చేరకముందే స్థిరపడిపోయింది. ఫీనిక్స్‌లో ఓ హోటల్లో విందు, డైరెక్టర్ ఉపన్యాసం, పేరు చెక్కిన చెక్క పలక. నగరంలో ఉండేవాళ్ళు వచ్చేవారు. ఉత్తరాన కొండల్లో, పైన్ చెట్ల మధ్య ఉన్న ఒక చిన్న ఊరి నుంచి మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. ఆ ఊళ్ళో ముగ్గురు వాలంటీర్లు ఉండేవారు. వాళ్ళకి పెద్దదిక్కు ఒకావిడ. వయసు డెబ్భై దాటింది. ఉద్యోగకాలమంతా స్కూల్ బస్సు నడిపింది. భర్తతో కలిసి ఈ పాఠాలు మొదలుపెట్టి, ఆయన పోయాక కూడా మానలేదు. నేను చేరిన మొదటి ఏడాది, విందుకి రాలేదేమని ఫోన్ చేశాను.

"అంత దూరం వచ్చి చల్లారిన బంగాళదుంపలు తినాలా? పలక పోస్టులో పంపెయ్. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవడానికి పనికొస్తుంది," అంది. కోపంగా అనలేదు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది.

అలా ఏటా పలకలు పోస్టులో వెళ్ళేవి. ఒక ఏడాది వసంతంలో ఆవిడే ఫోన్ చేసింది. "సెప్టెంబరు క్లాసు నా ఆఖరి క్లాసు. ముందే చెబితే నీకు వీలుగా ఉంటుందని చెబుతున్నా."

ఆవిడ మానేస్తే మిగిలిన ఇద్దరూ మానేస్తారు. వాళ్ళు ఆవిడ కన్నా పెద్దవాళ్ళు, ఆవిడ పిలుస్తుంది కనక వస్తున్నవాళ్ళు. ఆ ముగ్గురూ పోతే చుట్టుపక్కల కొండల్లో పాఠం చెప్పే దిక్కు లేదు. పిల్లలు కొండ దిగి గంటల తరబడి ప్రయాణం చేసి నగరానికి రావాలి. రారు. పాఠం లేకుండానే తుపాకి పట్టుకుని మామయ్య వెంటో పెదనాన్న వెంటో అడవికి వెళ్తారు.

అప్పటికి డైరెక్టర్ కొత్తాయన. మంచివాడే గానీ నగరంలో పుట్టి పెరిగినవాడు, అద్దంలా మెరిసే బూట్లు వేసేవాడు. ఆయనకి విషయం చెప్పాను. "ఆన్‌లైన్ కోర్సు ఉందిగా," అన్నాడు.

పక్క సీటాయన ఈ మాట విని తల పట్టుకున్నాడు. "ఆన్‌లైన్‌లో తుపాకి ఎటు తిరిగినా ఎవడికీ తగలదు. నువ్వోసారి కొండెక్కి ఆవిడ క్లాసు చూసిరా. చూస్తే గానీ ఏం పోగొట్టుకోబోతున్నామో నీకు తెలీదు," అన్నాడు నాతో.

సిగ్గుపడాల్సిన మాటేమీ కాదు గానీ, అప్పటిదాకా నేను ఏ క్లాసూ పూర్తిగా కూర్చుని చూడలేదు. ఆ వసంతం క్లాసుకే బయల్దేరాను. వెంట మా మామగారు.

ఆయన సంగతి చెప్పాలి. గుంటూరు దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మా ఆడపడుచుకి సన్నీవేల్‌లో పురుడొస్తే అత్తయ్యగారితో కలిసి వచ్చారు. పురిటింట్లో మగవాళ్ళకి పనేముంటుంది? పదిహేను రోజులు చూసి, తట్టుకోలేక మా ఇంటికి వచ్చేశారు. మా ఇంట్లోనూ పనేమీ లేదు. తెల్లారగానే తెల్ల క్యాన్వాస్ బూట్లు వేసుకుని కాలనీ చుట్టూ కవాతు చేసేవారు. బస్సు కోసం నిలబడ్డ పిల్లలకు "బ్యాక్ స్ట్రెయిట్! చిన్ అప్!" అని చెప్పేవారు. పిల్లలు మొదట బిత్తరపోయి, తర్వాత ఆయన కనబడగానే వాళ్ళంతట వాళ్ళే నిటారుగా నిలబడటం మొదలుపెట్టారు.

"నాన్నా, వీకెండంతా నాకు ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఉంది. ఒక్కడివే ఇంట్లో ఉంటే నీకు బోర్ కొడుతుంది. తనతో వెళ్ళి కొండలు చూసిరా," అన్నారు మా ఆయన.

"తుపాకుల క్లాసా? పదమ్మా," అన్నారు మామయ్యగారు, అప్పటికే బూట్ల తాళ్ళు కట్టుకుంటూ.

కాక్టస్ ఎడారి దాటి, కొండలెక్కి, పైన్ చెట్ల వాసనలోకి వెళ్ళేసరికి ఆయన ప్రాణం లేచొచ్చింది. ఊరి చివర మైదానం, ఒక పక్క చిన్న గుట్ట. నీడ లేదు. బల్లల మీద డజను మందికి పైగా పిల్లలు, ఇద్దరు ముగ్గురు తల్లులు. ఎదురుగా ఆవిడ. సన్నగా, పొట్టిగా, నెరిసిన జడతో. గొంతు మాత్రం బస్సులో ఆఖరి సీటు దాకా వెళ్ళే గొంతు.

గుట్ట మీద ఎల్క్ బొమ్మ ఒకటి నిలబెట్టారు. ఎల్క్ అంటే మన కణుజు కన్నా పెద్ద దుప్పి. ఆకాశానికి ఎదురుగా, కొమ్ములతో, చూడ్డానికి నిజమైనదానిలాగే ఉంది. ఆవిడ ఒక అమ్మాయిని పిలిచి చేతికి డమ్మీ తుపాకి ఇచ్చింది.

"నీ కాళ్ళు సరిగ్గా ఉన్నాయి. వేలు ట్రిగ్గర్ బయట ఉంది. బాగుంది. ఇప్పుడు చెప్పు, పేలుస్తావా?"

"పేలుస్తా," అంది అమ్మాయి.

"దాని వెనకాల ఏముంది?"

"ఏమీ లేదు. ఆకాశమే."

"సరే. అందరూ లేవండి. పైకెక్కి చూసొద్దాం."

పిల్లలతోపాటు నేనూ, మామయ్యగారూ ఎక్కాం. గుట్ట అవతలి వాలులో మడత కుర్చీ వేసుకుని, కాఫీ తాగుతూ, ఇంకో వాలంటీరు ముసలాయన కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి తీరిగ్గా చెయ్యి ఊపాడు. ఆ అమ్మాయి మొహం తెల్లబోయింది.

టీచరమ్మ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "కనబడలేదంటే లేనట్టు కాదు. అంతే ఇవాళ్టి పాఠం. పదండి, అన్నాలు తిందాం."

మామయ్యగారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. గుట్ట దిగేదాకా మళ్ళీ పెట్టుకోలేదు.

భోజనాల దగ్గర ఆవిడ మా పక్కనే కూర్చుంది. మామయ్యగారి డబ్బాలో పులిహోర రుచి చూసి, కరివేపాకు నమిలి, ఇంకాస్త పెట్టమంది. ఆయన ఎవరో తెలుసుకుని "కోచ్" అని పిలవడం మొదలుపెట్టింది. నేను అదను చూసి, మానేయొద్దని బతిమాలాను. ఈసారి విందులో ప్రత్యేక సత్కారం చేస్తామని కూడా అన్నాను.

"దేనికి సత్కారం?" అంది.

"ఇన్నేళ్ళు మీరు చేసిన సేవకి."

"ఏం చేశాను చెప్పు? పాఠం చెప్తాను. వాళ్ళు అడవికి వెళ్తారు. సాయంత్రానికి ఇంటికి వస్తారు. ఏమీ జరగదు. ముప్ఫై ఏళ్ళుగా నా పనికి ఫలితం, ఏమీ జరగకపోవడం. దానికి పలక మీద ఏం చెక్కుతారు?" అని నవ్వింది. తర్వాత నెమ్మదిగా, "నాకెవరి మీదా కోపం లేదమ్మా. బస్సు నడిపినప్పుడు అద్దంలో పిల్లలు కనబడేవాళ్ళు. ఎక్కారు, దిగారు, ఇంట్లోకి వెళ్ళారు, అన్నీ చూసేదాన్ని. ఇక్కడ ఒక్కరోజు కనబడతారు, పోతారు. మా ఆయనుండగా ఇద్దరం కూర్చుని, ఫలానా వాడు ఎలా ఉన్నాడో అనుకునేవాళ్ళం. ఇప్పుడు అనుకోవడానికి కూడా తోడు లేదు. అలిసిపోయాను," అంది.

తిరుగు ప్రయాణంలో కొండ దిగుతుండగా మామయ్యగారు హఠాత్తుగా అన్నారు.

"అమ్మాయ్, ఆవిడకి పలకా వద్దు, పాయసమూ వద్దు. ఆవిడకి కావల్సింది అటెండెన్సు."

"అంటే?"

"పొద్దున్న గ్రౌండులోకి ఎంతమందిని తీసుకెళ్ళామో, సాయంత్రం అంతమందీ ఉన్నారా లేదా అని లెక్క చూసుకోకుండా డ్రిల్లు మాస్టారు ఇంటికి పోలేడు. ఈవిడ ముప్ఫై ఏళ్ళుగా పిల్లల్ని పంపించింది గానీ, సాయంత్రం అటెండెన్సు ఎవరూ చెప్పలేదు. వాళ్ళని పిలవండి. వచ్చి హాజరు పలకమనండి."

కారు పక్కకి తీసి ఆపేశాను. ఇంత చిన్న విషయం మా ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదు, నాతో సహా.

ఆ ఏడాది కొండ ఊరి వాళ్ళకి హోటల్ విందు బదులు, ఆ మైదానంలోనే కార్యక్రమం చేద్దామని డైరెక్టర్‌ని అడిగాను. "పదిమంది కూడా రాకపోతే?" అన్నాడు. నాకూ అదే భయం. పాత విద్యార్థుల చిరునామాలు బయటికి తీయడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఉత్తరాలు వేయడానికి వీల్లేదు.

పక్క సీటాయన ఉపాయం చెప్పాడు. "ఆ ఊళ్ళో పశువుల దాణా కొట్టుంది. అక్కడ కౌంటర్లో ఉండే అమ్మాయికి ఒక్క ముక్క చెప్పు. ఇక నువ్వు నిద్రపోవచ్చు."

ఫోన్ చేశాను. ఆ అమ్మాయి కూడా ఆవిడ దగ్గర పాఠం నేర్చుకున్నదే. "ఆవిడకి మాత్రం తెలియకూడదు," అని పదే పదే చెప్పాను.

"మా ఊళ్ళో రహస్యం దాచగలిగింది ఆవిడ ఒక్కతే. ఆవిడకేమో చెప్పకూడదంటున్నారు. చూద్దాం," అంది ఆ అమ్మాయి.

టీచరమ్మకి మాత్రం, ఆఖరి క్లాసుకి ముందు పై అధికారులు మైదానం తనిఖీకి వస్తున్నారని కబురు పెట్టాం.

ఆ శనివారం పొద్దున్నే మేం చేరాం. సన్మానమంటే సన్మానంలాగే ఉండాలని మామయ్యగారు పట్టుబడితే నేను పట్టుచీర కట్టుకున్నాను. చాండ్లర్‌లో మన కొట్లో బంతిపూలు దొరికితే దండ కూడా కట్టాను. మా ఆయన ఈసారి షిఫ్టు మార్చుకుని మరీ వచ్చారు. డైరెక్టర్ మెరిసే బూట్లతో, జేబులో ఉపన్యాసంతో దిగాడు. పక్క సీటాయన గుడారం వేయడానికి తంటాలు పడుతున్నాడు, గాలి ఒప్పుకోవడం లేదు. టీచరమ్మ తనిఖీ కోసం మైదానమంతా ఊడుస్తోంది.

నా చీర వంక చూసి, "తనిఖీకి ఇలా వస్తారా మీ ఆఫీసులో?" అంది.

"ఇవాళ మాకు పండగండీ," అన్నాను, నోటికొచ్చిన అబద్ధం.

చెప్పిన వేళ అయింది. ఎవరూ రాలేదు. మరికాస్సేపు గడిచింది. రోడ్డు ఖాళీ. డైరెక్టర్ గడియారం చూసుకున్నాడు, నన్ను చూశాడు, మర్యాదగా ఆకాశం వైపు చూశాడు. దాణా కొట్టు అమ్మాయి మరిచిపోయిందా? ఆవిడ కోసం ఇన్నేళ్ళూ ఎవరూ రాకపోవడం ఒక ఎత్తు, పిలిస్తే కూడా రాకపోవడం ఒక ఎత్తు. ఆ రెండో దాన్ని నేనే ఆవిడ ముందు పెట్టబోతున్నానా?

అప్పుడు చెట్ల వెనక దుమ్ము లేచింది.

ముందు ఒక పికప్ ట్రక్కు. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక చూస్తే, వంపు తిరిగిన దారి పొడవునా బళ్ళు. మధ్యలో పసుపు పచ్చ స్కూల్ బస్సు ఒకటి, నిండా జనం. తర్వాత తెలిసింది, అందరూ ఊళ్ళో చర్చి దగ్గర కలుసుకుని, ఒకేసారి వెళ్దామనుకుని, అక్కడ బళ్ళు ఎక్కువై దారి కిక్కిరిసి ఆలస్యంగా బయల్దేరారట.

జనం దిగుతున్నారు. ఆసుపత్రి దుస్తుల్లోనే వచ్చిన నర్సు. టై కట్టుకున్న బ్యాంకు మనిషి. గడ్డం బొడ్డుదాకా పెంచిన కట్టె కోత కార్మికుడు. మనవరాలి చెయ్యి పట్టుకున్న తాత. చాలామంది నారింజ రంగు చొక్కాలు వేసుకొచ్చారు.

టీచరమ్మ చేతిలో చీపురు కింద పడిపోయింది. నేను ఆవిడ మొహంలో సంతోషం కోసం చూస్తున్నాను. కానీ అక్కడ కనిపించింది భయం. గబగబా వాళ్ళకు ఎదురు నడిచింది.

"ఏమైంది? ఎవరికైనా ఏమైనా అయిందా? చెప్పండి, ఎవరికి ఏమైంది?"

ముందున్న దాణా కొట్టు అమ్మాయి అంది.

"ఎవరికీ ఏమీ కాలేదు మేడమ్. అందుకే వచ్చాం."

ఆవిడకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, పక్కనున్న ట్రక్కు బానెట్ మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయింది. నేను పరుగున వెళ్ళి, చెప్పాల్సిన మాటలన్నీ మరిచిపోయి, బంతిపూల దండ మెడలో వేసేశాను. ఆవిడ చొక్కా రంగూ పూల రంగూ ఒకటే. జనం ఈలలు, చప్పట్లు.

ఆ తర్వాత అంతా గందరగోళం. మైకు పలకలేదు. డైరెక్టర్ జేబులోంచి ఉపన్యాసం తీయగానే గాలి ఎత్తుకుపోయింది. మా ఆయన దాని వెంట పరిగెత్తి ఒక్క కాగితంతో తిరిగొచ్చారు, అది ఆఖరి పేజీ. జనం ఎక్కడివాళ్ళక్కడ మాట్లాడుకుంటున్నారు. గుడారం పడిపోయింది. నేను దిక్కులు చూస్తుండగా ఈల మోగింది.

మామయ్యగారు బల్ల ఎక్కి నిలబడ్డారు.

"ఎవ్రీబడీ! ఫాల్ ఇన్! సీనియర్స్ రైట్ సైడ్! జూనియర్స్ లెఫ్ట్ సైడ్! సింగిల్ లైన్!"

ఎవరీయన అని ఒక్కరూ అడగలేదు. ఆ గొంతు అలాంటిది. మొట్టమొదటి క్లాసులో పాసైనవాళ్ళు కుడివైపు, మొన్న వసంతంలో పాసైనవాళ్ళు ఎడమవైపు. నువ్వెప్పుడు, నేనెప్పుడు అని ఒకరినొకరు అడుక్కుంటూ, నవ్వుకుంటూ, తోసుకుంటూ వరసలో నిలబడ్డారు. కుడి చివర తాతలు. ఎడమ చివర, గుట్ట మీద ఆకాశమే అన్న ఆ అమ్మాయి. మధ్యలో మూడు తరాలు. మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా.

మామయ్యగారు బల్ల దిగి, ఆవిడ ముందు కాళ్ళు దగ్గరకు చేర్చి సెల్యూట్ చేశారు. "మేడమ్, యువర్ స్టూడెంట్స్. ప్లీజ్ టేక్ అటెండెన్స్."

ఆవిడ నడిచింది. ఆయన ఒక అడుగు వెనక. ఒక్కొక్కరూ "ప్రెజెంట్!" అంటున్నారు. ఆవిడకి పేర్లు గుర్తులేవు. తప్పులు గుర్తున్నాయి. బ్యాంకు మనిషి ముందు ఆగి, "నువ్వు తుపాకి గొట్టం నీ బూటు మీదే ఆనించేవాడివి కదూ?" అంది. ఆయన సిగ్గుపడి, కాలెత్తి, "పది వేళ్ళూ ఉన్నాయి మేడమ్," అన్నాడు. గడ్డం మనిషిని చూసి, "నువ్వు పరీక్షలో ఏడ్చావు," అంది. "రెండుసార్లు," అన్నాడు ఆయన, అప్పుడు కూడా ఏడుస్తూనే. నర్సుని చూసి, ఏమీ అనకుండా గట్టిగా వాటేసుకుంది. ఆ నర్సు తండ్రి కూడా ఒకప్పుడు ఆవిడ విద్యార్థేనట.

నేను ఎన్నో విందులు చూశాను. ఆ వరస చూశాకే నాకు తెలిసింది. ఏమీ జరగకపోవడం అంటే అక్కడేమీ లేదని కాదు. ఇంతమంది రెండు కళ్ళతో, రెండు కాళ్ళతో ఎండలో నిలబడి నవ్వుతుండటం.

వరస చివరికి వచ్చాక డైరెక్టర్ పలక అందించాడు. చేతిలో మిగిలిన ఆఖరి పేజీలో "కనుక అందరికీ మరొక్కసారి ధన్యవాదాలు" అని మాత్రమే ఉందట. అదే చదివాడు. అంత చిన్న ఉపన్యాసం ఆయన మళ్ళీ ఎప్పుడూ ఇవ్వలేదు, అన్ని చప్పట్లూ పడలేదు.

"నాలుగు మాటలు చెప్పండి," అన్నాం అందరం.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. గొంతు సవరించుకుంది. వరసంతా చెవులు రిక్కించింది.

"ఇక్కడికి వచ్చేటప్పుడు మీలో సగంమంది ఆ పక్క కంచె దాటి వచ్చారు. నేను చూశాను. చేతిలో తుపాకి లేదు కదా అని గొర్రెల్లాగా దూకారు. అందరూ జంటలుగా నిలబడండి. మళ్ళీ నేర్పిస్తాను."

మైదానం పగలబడి నవ్వింది. కానీ నవ్వుతూనే అందరూ జంటలయ్యారు, ఎందుకంటే ఆవిడ నవ్వడం లేదు. డమ్మీ తుపాకులు బయటికొచ్చాయి. పద్ధతి తేలికే. తుపాకులు రెండూ ఒకరు పట్టుకోవాలి, రెండోవాళ్ళు గుంజ దగ్గర ఎక్కి దాటాలి, అవతలి నుంచి తుపాకులు అందుకోవాలి, అప్పుడు మొదటివాళ్ళు దాటాలి. ఎప్పుడూ గొట్టం ఎవరి వైపూ ఉండకూడదు. తాతలు దాటారు. బ్యాంకు మనిషి దాటాడు. గడ్డం మనిషి తప్పు చేసి మళ్ళీ వరస చివరికి వెళ్ళాడు.

"నువ్వు కూడా," అంది డైరెక్టర్‌తో.

ఆయన మెరిసే బూటు తీగ మీద జారింది. చేతిలో తుపాకి గొట్టం గిర్రున తిరిగి పక్క సీటాయన పొట్టకి ఎదురుగా ఆగింది.

"ఈయన చచ్చాడు," అంది ఆవిడ పక్క సీటాయన్ని చూపించి. "ఫెయిల్. తర్వాత ఎవరు? నువ్వా, పట్టుచీర? ఇన్నేళ్ళుగా నాకు తుపాకులు పంపిస్తున్నావు, ఒక్కసారైనా పట్టుకున్నావా?"

పట్టుకోలేదు. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, నా తుపాకి మా ఆయన చేతికిచ్చి, గుంజ పట్టుకుని ఎక్కాను. కొంగు తీగకి చిక్కుకుంది. వందలాది కళ్ళు నా మీద. "కంగారు పడకమ్మా! స్టడీ! స్టడీ!" అని మామయ్యగారు అరుస్తున్నారు. నెమ్మదిగా కొంగు విడిపించుకుని, అవతల దిగి, తుపాకులు అందుకుని, గొట్టాలు ఆకాశం వైపు తిప్పి నిలబడ్డాను. ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"పాస్," అంది. ఆ ఒక్క మాటకి నేను చిన్నపిల్లలా ఎగిరాను. చీర చిరిగింది. ఇప్పటికీ రఫ్ఫు చేయించలేదు.

మధ్యాహ్నం ఎప్పటికో తిండి దగ్గరికి వెళ్ళాం, అన్నీ చల్లారిపోయాయి. ఎవరికీ పట్టలేదు. నేను ధైర్యం చేసి ఆవిడ పక్కన కూర్చుని అడిగాను. "మరి, వచ్చే వారమే మీ ఆఖరి క్లాసా?"

ఆవిడ దండలోంచి ఒక బంతిపువ్వు తుంచి వాసన చూసింది. "కంచె ఎలా దాటారో చూశావుగా వీళ్ళంతా? ఇంత అధ్వానమైనవాళ్ళని వదిలేసి నేనెలా మానేస్తాను?"

ఆవిడ మరికొన్నేళ్ళు పాఠాలు చెప్పింది. ఆ వరసలోంచి నర్సు, దాణా కొట్టు అమ్మాయి, గడ్డం మనిషి ముగ్గురూ వాలంటీర్లుగా చేరారు. గడ్డం మనిషికి పిల్లలంటే ప్రాణం, పరీక్షలో ఎవరైనా ఏడిస్తే పక్కన కూర్చుని తనూ ఏడుస్తాడు. మామయ్యగారు గుంటూరు వెళ్ళాక కూడా ప్రతి సెప్టెంబరులో ఫోన్ చేసి, "అటెండెన్సు ఎంత?" అని అడిగేవారు.

ఇక డైరెక్టర్ సంగతి. ఆ మరుసటి వారం క్లాసులో, పన్నెండేళ్ళ పిల్లల మధ్య ఆయన కూర్చుని ఉన్నాడు. మామూలు బూట్లు వేసుకుని, సెలవు రోజున వచ్చాడు. రోజంతా నీడలేని బల్ల మీద ఎండలో మాడాడు. తిరిగి ఆఫీసుకి రాగానే ఆ మైదానానికి రేకుల పందిరి మంజూరు చేశాడు. కానీ కంచె దగ్గర ఆ రోజు కూడా ఫెయిలయ్యాడు. వసంతంలో మూడోసారి వెళ్ళి పాసయ్యాడు. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పొద్దని నన్ను చాలా బతిమాలాడు. సర్వీసులో ఉన్నంతకాలం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రిటైరయ్యాను కనక చెబుతున్నాను.